నాకు లేని పొలం

ఆ రోజు నేను చెప్పవలసింది మూడే మాటలు. "ఇవి మేడం రాసినవి." గొంతులో ఏమీ అడ్డం పడలేదు. ముందు బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు కూడా ఉంది. అయినా ఆ మాటలు అనలేదు. వాటికి బదులు, "కొంత సారూప్యం కనిపిస్తోంది" అన్నాను. సారూప్యం! తప్పించుకోవాలనుకున్నప్పుడల్లా నా తెలుగు హఠాత్తుగా గ్రాంథికమైపోతుంది. మామూలప్పుడు కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి కూడా తడబడేవాణ్ణి.

ఆ మేడం గురించే ఇదంతా. ఆవిడ పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. కారణం చివర్లో చెబుతాను. అది నా మర్యాద అనుకోకండి, ఆవిడ ఆజ్ఞ.

తొంభైల చివర్లో ఒంగోలులో మేమిద్దరం ఒకే కాలేజీలో పనిచేశాం. పీజీ దాకా ఉన్న కాలేజీ. కామర్సు, ఎకనామిక్సు పిల్లలకు స్టాటిస్టిక్స్ పేపరు ఒకటుండేది. ఇంగ్లీషు మీడియం సెక్షను నాది, తెలుగు మీడియం ఆవిడది. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నడకలో పెద్దరికమంతా నాదే. కోటు వేసుకోకపోయినా వేసుకున్నట్టే నడిచేవాణ్ణి. స్టాఫ్‌రూములో నా కుర్చీ ఫ్యాను కింద. ఆవిడకు కుర్చీ ఉన్నట్టే నాకు గుర్తులేదు. ఎప్పుడు చూసినా నిలబడే ఉండేవారు.

రోజూ దర్శి నుంచి బస్సులో వచ్చేవారు. వానకాలమైనా ఎండాకాలమైనా చేతిలో నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి. ఆ సంచిలో ఏముందో స్టాఫ్‌రూముకి ముందు వాసన చెప్పేది. మిరపకాయలు. ఇంటి మిరపకాయలే, పచ్చడికి కాదు, పాఠానికి. క్లాసులో బల్ల మీద ఒక చాటెడు పోసేవారు. ముందు వరసలో పిల్లలు తుమ్మడం మొదలుపెట్టేవాళ్ళు. ఆవిడ ఆ తుమ్ములు సద్దుమణిగేదాకా ఆగి, "తుమ్మిందెవరు?" అనేవారు.

"ముందు వరస, మేడం."

"ముందు వరసని చూసి, క్లాసంతా జలుబని రాస్తే?"

నవ్వులు. "అదీ శాంపిలు తియ్యడంలో తప్పు. పుస్తకం ముయ్యండి. పాఠం అయిపోయింది."

పక్క గదిలో నేను అదే పాఠాన్ని ఇంగ్లీషులో చెబుతూ ఉండేవాణ్ణి. నా క్లాసులో ఎవరూ తుమ్మేవారు కాదు, నవ్వేవారూ కాదు. మెలకువగా ఉన్నది కూడా కొందరే. గోడ అవతల నవ్వులు వినపడినప్పుడల్లా, తెలుగు మీడియంలో క్రమశిక్షణ తక్కువని అనుకునేవాణ్ణి.

క్లాసంతా ఒక్క గొంతుతో "అర్థమైంది మేడం" అంటే ఆవిడకి చిరాకు. డస్టరుతో బల్లని ఒక్కటి కొట్టేవారు. "అందరికీ ఒకేసారి అర్థమైందంటే ఒక్కడికీ అర్థం కాలేదని. ఎవుడికి అర్థం కాలేదో వాడు లెయ్యండి, వాడే ఇవాళ హీరో." ఎవరో ఒకరు సిగ్గుపడుతూ లేచేవారు. ఆ లేచిన వాడి కోసం పాఠం మళ్ళీ మొదటి నుంచి.

తెలుగులో ఆ పేపరుకు పుస్తకాలు దాదాపు లేవు. ఉన్నవి కూడా ఇంగ్లీషు పుస్తకానికి తెలుగు లిపి తొడిగినట్టుండేవి. అందుకని ఆవిడే రాసుకున్నారు, పాఠానికో కట్ట చొప్పున. గుండ్రటి చేతిరాత. కాలేజీ గేటు ఎదురుగా మస్తాన్ జెరాక్సు షాపు ఉండేది. ఆ కట్టలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి మస్తాన్‌కి ఇచ్చేశారు. అతను ఆ కవరుకి తాడు కట్టి కౌంటరు మేకుకి వేలాడదీశాడు. ఎవరైనా తీసుకోవచ్చు. మస్తాన్‌కి జెరాక్సు ఖర్చు తప్ప ఇంకేం ఇవ్వనక్కర్లేదు. షరతు ఒకటే. అసలు కాగితాలు షాపు దాటకూడదు. చిలకలూరిపేట నుంచి, కందుకూరు నుంచి, ఎక్కడెక్కడి కాలేజీల పిల్లలో వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. మా కాలేజీ కాని వాళ్ళకెందుకివ్వడమని ఒకసారి నేనే అడిగాను.

"తీసుకెళ్ళనీండి మాస్టారూ. జెరాక్సు తీస్తే అక్షరం తరుగుద్దా?" అన్నారు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే, తర్వాత దాన్ని నేను చాలా సభల్లో నా మాటగా వాడుకున్నాను. అసలు దొంగతనం అక్కడే మొదలైందేమో.

గుంటూరులో గైడ్లు వేసే ఒకాయన ఉండేవాడు. నాకు దూరపు చుట్టం కూడా. పరీక్షలకు కొద్దివారాల ముందు ఫోను చేసి, "బావా, తెలుగు మీడియం స్టాటిస్టిక్స్‌కి మార్కెట్లో ఏమీ లేదంట. రాసి పెడతావా? వెనకట్ట మీద నీ ఫొటో వేస్తా" అన్నాడు. డబ్బు సంగతి నాకు గుర్తులేదు. ఫొటో సంగతి గుర్తుంది. వెంటనే కాలర్ బిగించి స్టూడియోకి వెళ్ళాను. పుస్తకం కన్నా ముందు ఫొటో తయారైంది.

ఫొటో వచ్చాక పుస్తకం కావలసి వచ్చింది. తెలుగులో నాకు మొదటి పేరా కూడా రాలేదు. మస్తాన్ షాపుకు వెళ్ళి కవరు విప్పించి అన్ని కట్టలూ ఒక్కో నకలు తీయించాను. అందరూ తీసుకుంటున్నారు, నేనూ తీసుకున్నాను, అంతే కదా! ఆ వాదం అప్పట్లో నాకు చాలా గట్టిగా అనిపించింది. ఉదాహరణలైనా మారుద్దామనుకున్నాను. ఒకటి రెండు చోట్ల రామయ్యని వెంకయ్య చేశాను కూడా. తర్వాత నిద్రొచ్చింది.

ముందుమాట మాత్రం సొంతంగా రాశాను. అందులో మా అమ్మానాన్నలకి, నా భార్యకి, ప్రచురణకర్తకి, కోటప్పకొండ స్వామికి, చివరికి డీటీపీ చేసిన అమ్మాయికి కూడా కృతజ్ఞతలు చెప్పాను. రాసిన మనిషి ఒక్కరే మిగిలిపోయారు.

గైడు వచ్చాక మేడం ఒక కాపీ కొన్నారు. కొద్దిరోజులకు స్టాఫ్‌రూములో నా ముందు పెట్టారు. తెరిచి చూస్తే పేజీలన్నీ ఎర్ర సిరా.

"అచ్చుతప్పులు శానా ఉన్నయ్యండీ. సూత్రాల్లో గుర్తులు తారుమారైనయ్యి. పిల్లలు ఇవే బట్టీపట్టి రాస్తే మార్కులు పోతయ్యి. దిద్దా."

అంతే. గొడుగు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయారు. నేను మనిషినైతే ఆవిడ వెనకాలే వెళ్ళేవాణ్ణి. గైడు రచయితని కాబట్టి ఆ దిద్దుబాట్లన్నీ రెండో ముద్రణలో వేయించుకున్నాను. ఒక వాక్యం పక్కన మాత్రం ఆవిడ ఏమీ దిద్దకుండా ప్రశ్నార్థకం పెట్టారు. ఏమిటో అర్థం కాలేదు. వాక్యంలో ఒక కామా ఉంటే తీసేసి ఊరుకున్నాను.

మస్తాన్ కూడా నాకు శుభాకాంక్షలు చెప్పాడు. "సార్, మీ గైడు జెరాక్సు తియ్యమని పిల్లలొస్తన్నారు. నేనే వద్దన్నా. మేడం నోట్సుంది గదా, అది తీసుకోండి, అదీ ఇదీ ఒకటే, అది చవగ్గా వస్తదని చెప్పా. తప్పా సార్?"

"తప్పేముంది" అన్నాను. అతను నిజంగా అమాయకంగా అన్నాడో, ఇంకోలాగా అన్నాడో ఈ రోజుకీ నాకు తెలియదు. అటు తర్వాత నా జెరాక్సులు బస్టాండు దగ్గర తీయించుకున్నాను.

కొన్నేళ్ళు గడిచాయి. రెండు వేల తర్వాత కాలేజీల్లోకి ఇంటర్నెట్టు వచ్చింది. దాంతోపాటు ప్రభుత్వం వారి ఒక పథకమూ వచ్చింది. ప్రజల సొమ్ముతో జీతం తీసుకునే అధ్యాపకుడి పాఠం ప్రజలందరిదీ అన్నది దాని సారాంశం. విశ్వవిద్యాలయాలకు కంప్యూటర్లు ఇచ్చారు, సర్వర్లకు నిధులిచ్చారు. అధ్యాపకులు తమ పాఠాలను నెట్‌లో పెట్టాలి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, వేరే భాషలోకి మార్చుకోవచ్చు, తమ పిల్లలకు తగినట్టు తిరగరాసి మళ్ళీ అక్కడే పెట్టుకోవచ్చు. తెలుగు పాఠాలకు ప్రాధాన్యం. ఇంత స్వేచ్ఛకీ షరతు ఒక్కటే. మొదట రాసినవాళ్ళ పేరు తప్పనిసరిగా చెప్పాలి.

అంటే మస్తాన్ షాపులో మేకుకి వేలాడుతున్న కవరుని ప్రభుత్వం ఇంత ఖర్చుతో మళ్ళీ కనిపెట్టిందన్నమాట. ఆ ముక్క నాకు అప్పుడు తట్టలేదు. నేను చాలా బిజీగా ఉన్నాను. మా వైపు కాలేజీలన్నిటికీ నన్నే కన్వీనరుగా వేశారు. గైడు రచయితని కదా, పాఠాలు రాయడం తెలిసినవాడినని.

ప్రొజెక్టరు పట్టుకుని కాలేజీ కాలేజీ తిరిగాను. "జ్ఞానానికి గోడలుండకూడదు" అని మొదలుపెట్టేవాణ్ణి. "జెరాక్సు తీస్తే అక్షరం తరుగుతుందా?" అనేవాణ్ణి. చప్పట్లు. ఆఖరి స్లైడు మీద పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం ఉండేది: రాసినవారి పేరు చెప్పండి. దాన్ని చూపించి ఒక్క క్షణం మౌనంగా నిలబడేవాణ్ణి. ఆ మౌనం నాకు బాగా కుదిరేది. మా కాలేజీలో చెప్పిన రోజున సరిగ్గా ఆ స్లైడు దగ్గర కరెంటు పోయింది. చీకటి గదిలో వెనక వరస నుంచి మేడం గొంతు వినిపించింది.

"ఆ చివరిది మళ్ళీ చెప్పండి మాస్టారూ. కనపడలా."

చెప్పాను. గొంతెత్తి మరీ చెప్పాను. సిగ్గుపడాల్సిన చోట ఇంత హాయిగా గొంతెత్తిన మనిషి ఇంకొకడు ఉంటాడనుకోను.

ఆ పథకం ఆవిడకి ఎంత నచ్చిందో చెప్పాలి. రిటైర్మెంటు దగ్గరపడింది. అన్నేళ్ళ సర్వీసులో ఎవరూ ఆవిడని పాఠాలిమ్మని అడగలేదు. ఆవిడే ఇస్తూ వచ్చారు, అడగకుండా తీసుకునేవాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు ప్రభుత్వం అడిగింది. కాలేజీ కంప్యూటరు గదిలో కూర్చుని రెండు వేళ్ళతో తెలుగు టైపు నేర్చుకున్నారు. ఆవిడ కూర్చోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. 'క్ష' ఎట్లా కొట్టాలో తెలియక ఒకరోజు నన్ను పిలిచారు. చూపించాను. మా నాన్న గుంటూరు బ్రాడీపేటలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు, నాకు వారసత్వంగా వచ్చిన విద్య అదొక్కటే.

"మా ఇంట్లోవాళ్ళకి నేనేం చెప్తానో ఇప్పటిదాకా తెలవదండీ" అన్నారు టైపు చేస్తూనే. "మా ఆడబిడ్డయితే నేను కాలేజీలో హాజరు వేసే పని చేస్తాననుకుంటది. నా పేరు నెట్‌లో పడ్డాక చూపిస్తా. ఊళ్ళో నెట్ సెంటరొచ్చింది గదా."

నేను ఆవిడ భుజం మీదుగా తెర వైపు చూశాను. మొదటి పేజీలో పాఠం పేరు, దాని కింద ఆవిడ పేరు. ఆ పేరుని మాత్రం తప్పుల్లేకుండా, వేరే రంగులో కొట్టారు.

పాఠాలు పంపినవాళ్ళందరినీ పరిశీలన సంఘం పిలిచింది. పొడుగాటి బల్ల. ఒక చివర సంఘం పెద్దలు, పక్కన కన్వీనరుగా నేను, ఎదురుగా మేడం. బయటి నుంచి వచ్చిన పరిశీలకుడొకాయన ఒక చేత్తో మేడం పాఠాలు, ఇంకో చేత్తో నా గైడు పట్టుకున్నాడు.

"అమ్మా, ఇవి మీ సొంతమని సంతకం పెట్టారు. పేజీకి పేజీ ఈ గైడుతో కలుస్తున్నాయి. దీనికేమంటారు?"

ఆవిడ కొంచెం కూడా కంగారుపడలేదు. "కలవాలి గదండీ మరి."

"గైడు అచ్చయి చాలా ఏళ్ళయింది. మీ పాఠాలొచ్చింది ఇప్పుడు. ఏది ముందు?"

"అచ్చేయడం ముందా అండీ, రాయడం ముందా? మా కాలేజీ ముందు జెరాక్సు షాపుంది. మస్తాన్‌ని అడగండి, ఎప్పట్నుంచి ఉన్నయ్యో చెప్తాడు."

బల్ల చుట్టూ చిన్న నవ్వు. "జెరాక్సు షాపు సాక్ష్యం మా దగ్గర చెల్లదమ్మా. నిబంధనల్లో అచ్చయిన పుస్తకమే రుజువు."

అప్పుడావిడ నా వైపు చూశారు. ఆ చూపులో బెదిరింపు ఉన్నా బాగుండేది. లేదు. బస్సు తప్పకుండా వస్తుందని తెలిసినవాళ్ళు రోడ్డు వైపు చూసినట్టు చూశారు.

"మాస్టారు ఇక్కడే ఉన్నారుగా. ఆయన్నే అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నా రీడరు ప్రమోషను ఫైలు ఆ నెలలోనే కదులుతోంది. ఆ ఫైల్లో నా గైడు ఉంది, కన్వీనరు పదవి ఉంది, సభల్లో పడిన చప్పట్లున్నాయి. నేను గ్లాసు వైపు చూసి, కాగితాల వైపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కొంత సారూప్యం కనిపిస్తోంది" అన్నాను.

సంఘం వారు పాఠాలు ఆవిడకి వెనక్కి ఇచ్చేశారు. వేరేవారి రచన సొంతమని సంతకం పెట్టినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో కూడా వెళ్ళింది. అవే పాఠాలు ప్రచురణకర్త అనుమతితో నా పేరు మీద నెట్‌లోకి ఎక్కాయి. "పెట్టుకో బావా, పేరు పెరిగితే అమ్మకమూ పెరుగుద్ది" అన్నాడు మా చుట్టం.

ఆ రోజు మీటింగు అయ్యాక వరండాలో ఆవిడ నాకు ఎదురయ్యారు. గొడుగు తెరుస్తూ, చాలా మామూలుగా అడిగారు.

"మాస్టారూ, మీ పొలంలో మిరప ఎట్టా ఉందండీ ఈ ఏడు?"

నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో డాబా మీద కుండీలో తులసి మొక్క తప్ప మూడు తరాలుగా మాకు వ్యవసాయం లేదు. బాధలో ఏదో అంటున్నారనుకుని జాలిపడ్డాను కూడా. జాలి! ఇంటికెళ్ళాక ఎందుకో అనుమానం వచ్చి గైడు తీశాను. శాంపిలు పాఠం. ఆవిడ ప్రశ్నార్థకం పెట్టిన వాక్యం, నేను కామా తీసేసిన వాక్యం, ఇందులో మొదటిదే:

"దర్శి దగ్గర మా పొలంలో నాలుగు మళ్ళున్నాయి. కాలువ పక్క మడిలో కాయ పొడవు, చివరి మడిలో పొట్టి. ఒక్క మడిని చూసి పొలమంతటినీ లెక్క కట్టకండి."

రామయ్యని వెంకయ్య చేసినవాణ్ణి, పొలాన్ని మాత్రం గట్లతో సహా ఎత్తుకొచ్చాను. ముద్రణ మీద ముద్రణగా దర్శి రైతునై వర్ధిల్లుతున్నాను. ఆ గైడుని పరిశీలకుడు చదివాడు, సంఘం చదివింది. బ్రాడీపేటవాడికి దర్శిలో మళ్ళెక్కడివని ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆవిడ నన్ను తిట్టలేదు, ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. ఎదురుపడినప్పుడల్లా పొలం సంగతి మాత్రం అడిగేవారు. తొలకరిలో "విత్తనం పోశారా?" అని. చలికాలంలో "తెగులేమన్నా తగిలిందా?" అని. కోతలప్పుడు "కూలోళ్ళు దొరుకుతున్నారా?" అని. అదీ నలుగురిలో, గట్టిగా. స్టాఫ్‌రూమంతా నేను నిజంగానే పొలం కొన్నానని నమ్మేసింది. అటెండరు ఒకరోజు పక్కకి పిలిచి, "సార్, ఇంటికి ఏడాదికి సరిపడా కారానికి కాయలు కావాల. మన పొలంలోయి ఇప్పియ్యండి సార్, బయట కల్తీ" అన్నాడు. లేదని చెప్పలేక గుంటూరు మిర్చి యార్డుకెళ్ళి కొని తెచ్చిచ్చాను. తర్వాత అందరూ అడిగారు. రెండేళ్ళపాటు లేని పొలంలోంచి స్టాఫుకంతా మిరపకాయలు పంచాను. రీడరు జీతం పెరిగిందంతా కారానికే పోయింది. ఆవిడ వీడ్కోలు సభలో నేను మాట్లాడవలసి వచ్చింది. ఆవిడ గొప్ప అధ్యాపకురాలని చెప్పాను. ఆవిడ మొదటి వరసలో కూర్చుని తుమ్మారు.

నేను దీన్నంతా మరిచిపోగలిగేవాణ్ణే. మరుపులో నాకు మంచి ప్రావీణ్యం ఉంది. కాని ఒక రోజు గుంటూరు నుంచి ఒంగోలు వస్తుంటే బస్సు చిలకలూరిపేటలో ఆగింది. ఎదురుగా పత్తి బేళ్ళ లారీ అడ్డం పడి ఎంతకీ కదలదు. పక్క సీటులో ఒక అమ్మాయి కాగితాలు చదువుతోంది. అక్షరాలు గుర్తుపట్టాను. లెక్చరరు బుద్ధి ఊరుకోదు కదా.

"స్టాటిస్టిక్సా అమ్మా?"

"అవునండీ. నెట్‌లోయి. ఉత్తపుణ్యానికే ఇస్తన్నారు, పుస్తకం కొనక్కర్లా. శానా బాగున్నయ్యండీ."

ఒళ్ళు పులకరించింది. "ఏం బాగుంది?"

"ఈయన మాలాగే రైతండీ. చదవతంటేనే తెలిసిపోద్ది. మా నాన్నకి చదివి వినిపిస్తే, 'ఎవురో గానీ, ఈయన కాయ చేత్తో పట్టుకుని చూసినోడే' అన్నాడు. మా నాన్న చదువుకోలా. అయినా యార్డులో మిరపకాయల టిక్కీ మూతి కాడ కాయ చూసి మూట మొత్తానికి రేటు కట్టేదాని గురించి ఉంది చూడండీ, అది విని ఒకటే నవ్వు. 'పైన మంచి కాయ పోసి, అడుగున తాలు కాయ పోసేది మనమే గదే' అన్నాడు." ఆ అమ్మాయి నవ్వి నా వైపు తిరిగింది. "మీరేం చేస్తారండీ?"

ఆమె చేతిలోని కాగితం మీద పైన నా పేరు ఉంది.

"టైపింగ్ ఇన్‌స్టిట్యూట్" అన్నాను.

నా పేరుతో ఉన్న పాఠం నాది కాదన్నట్టు ప్రవర్తించడం అదే మొదటిసారి. అదీ నిజాయితీతో కాదు, ఆ అమ్మాయి నా వేళ్ళు చూస్తుందేమోనన్న భయంతో. లారీ కదిలింది, బస్సు కదిలింది. ఒంగోలు బస్టాండులో దిగి ఇంటికి వెళ్ళకుండా దర్శి బస్సెక్కాను.

మేడం ఊరి బయట కల్లంలో ఉన్నారు. నేలంతా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన వేస్తున్నారు. ఆవిడ కూడా వాళ్ళతోపాటే కూర్చున్నారు, పక్కన గొడుగు పాతి ఉంది. నన్ను చూసి లేవలేదు.

"రండి మాస్టారూ. పొలం చూసుకోడానికొచ్చారా?" అని పక్కనున్న ఆమెతో, "ఈయనకీ దర్శిలోనే పొలం" అన్నారు.

"యాడండీ?" ఆమె ఆసక్తిగా అడిగింది.

నేను చాప మీద కూలబడ్డాను. ఊరికే కూర్చోలేక కాయలు ఏరడం మొదలుపెట్టాను. నేను పక్కన పడేసిన మంచి కాయల్ని ఆ పక్కామె మళ్ళీ ఏరి కుప్పలో వేసుకుంటోంది. బస్సులో తయారుచేసుకున్న ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"మేడం, మన విద్యావ్యవస్థలో మేధోపరమైన నిజాయితీ అనేది..."

"ఇది టిక్కీ పైపొర" అన్నారు ఆవిడ, తలెత్తకుండా. "అడుగుది తియ్యండి."

"అప్పటి పరిస్థితుల ప్రభావం వల్ల..."

"ఇదీ తాలే." చేతిలోని తెల్లబారిన కాయ ఒకటి నా ముందుకు విసిరారు.

ఇంకేం మిగల్లేదు. "మీ పాఠాలు కొట్టేశాను మేడం. నా పేరేసుకుని అమ్ముకున్నాను. మిమ్మల్ని అందరి ముందూ దొంగని చేస్తుంటే నోరు మూసుకు కూర్చున్నాను. రీడరు కావాలని."

ఆడవాళ్ళ చేతులు ఆగాయి. మేడం చేతిలోని కాయని కుప్పలో వేశారు. తర్వాత, "ఊఁ. ఇదీ కాయంటే" అన్నారు.

నాకు కళ్ళు చెమర్చబోతున్నట్టనిపించి చేత్తో తుడుచుకున్నాను. మిరపకాయలు ఏరిన చెయ్యి. ఇక చూసుకోండి! ధారలుగా కారుతున్నాయి. "పాపం, ఎంత బాధపడతన్నాడో" అంది పక్కామె. కాదు, కారం అని చెప్పవచ్చు. చెప్పలేదు. మళ్ళీ నోరు మూసుకున్నాను.

"బాధా కాదు, పాడూ కాదు. కళ్ళు కడుక్కో పో అబ్బాయ్, ఆ తొట్టి కాడ" అన్నారు మేడం.

అన్నేళ్ళూ 'మాస్టారూ, మీరు' అన్న మనిషి మొదటిసారి 'అబ్బాయ్' అన్నారు. తొట్టి దగ్గర నీళ్ళు కొట్టుకుంటూ ఇది క్షమించడమేననుకుని సంతోషపడ్డాను. తిరిగొచ్చి కూర్చోగానే ఆ భ్రమ తీర్చారు.

"నాకు చెప్తే ఏమొస్తది? నాకు తెలవనిదా? ఎవరి ముందు మూసుకున్నావో వాళ్ళ ముందు తెరువు. పాఠం మీద నా పేరు పడాల. మా ఆడబిడ్డ ఇంకా హాజరు పట్టీ అనే అంటంది."

"తప్పకుండా మేడం."

"ఇంకోటి. నువ్వు దీన్ని కథగా రాస్తావు. నిన్ను నేనెరగనా? మేడం ఎంత మంచిదోనని రాస్తావు, తప్పొప్పుకున్నాడని చదివినోళ్ళు నీకు చప్పట్లు కొడతారు. దాంట్లో నా పేరు పెట్టబాక. నా పేరు నా పాఠం మీదుండాల, నీ కథలో కాదు."

అదీ ఆవిడ పేరు ఇక్కడ లేకపోవడానికి కారణం. చప్పట్ల గురించి ఆవిడ అన్నమాట మాత్రం నిజం చెయ్యకండి, దయచేసి కొట్టకండి.

సంఘం ముందు నిలబడి ఆ మూడు మాటలూ చెప్పాను. అంత చిన్న మాటలకి నేను అన్నేళ్ళు తీసుకున్నందుకు వాళ్ళు ఆశ్చర్యపోయారు. నాకు మెమో వచ్చింది. చుట్టం నన్ను బావా అనడం మానేశాడు. నెట్‌లో పేరు మార్చమంటే మాత్రం, ఒకసారి ఆమోదించిన రచయిత పేరు మార్చే నిబంధన లేదన్నారు ఆఫీసులో. నిరాశగా బయటికొస్తుంటే, సభల్లో నేనే అరిచి చెప్పిన నియమం గుర్తొచ్చింది. ఎవరైనా పాఠాన్ని తీసుకోవచ్చు, మార్చి మళ్ళీ పెట్టవచ్చు, మొదట రాసినవారి పేరు చెబితే చాలు. ఆ ఎవరైనాలో నేనూ ఉన్నాను. కన్వీనరుగా చేయలేనిది మామూలు మనిషిగా చేశాను. పాఠాలన్నీ దించుకున్నాను. నా పేరు కొట్టేసి, ఆవిడ పూర్తి పేరు, ఆవిడ టైపు చేసుకున్న రంగులోనే, మొదటి పేజీ మీద పెట్టాను. తీసేసిన కామా తిరిగి పెట్టాను. కింద ఈ నాలుగు ముక్కలు, వీటికి మాత్రం నా పేరు పెట్టి, చేర్చి మళ్ళీ ఎక్కించాను. దర్శిలో నెట్ సెంటరు వాడు అచ్చు తీసి మేడం ఇంటికిచ్చాడట. ఆవిడ ఆడబిడ్డ రెండుసార్లు చదివించుకుందట.

"ఈ పాఠాలు పైన పేరున్న మేడం రాసినవి. నేను జెరాక్సు షాపులో నకలు తీసుకుని నా పేరుతో అమ్ముకున్నాను. ఆవిడ మీద నింద పడుతుంటే ఎదురుగా కూర్చుని ఊరుకున్నాను. నాకు దర్శిలో గాని, ఇంకెక్కడ గాని పొలం లేదు. మేడం, నన్ను క్షమించండి. ఈ క్షమాపణని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఎన్ని నకళ్ళైనా తీసి పంచవచ్చు. రాసినవాడి పేరు మాత్రం తీసెయ్యకండి."